పూత రోజుల్లో వాన ఎగ్గొడితే

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

మొక్కజొన్న హైబ్రిడ్ల దిగుబడి నిలకడ మీద పరిశోధన మొదలుపెట్టావనీ, జీకేవీకే (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్), మండ్య, హిరియూరు మూడు చోట్లా ట్రయల్ వేస్తున్నావనీ నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

విత్తనం ఒకే లాటుది తీసుకో. రెప్లికేషన్లు, అంచు వరుసలు, చెక్ రకం, గింజ తేమ, ఇవన్నీ మీ గైడ్ చెబుతారు.

నా భయం వేరే. ముప్పై ఏళ్ల కిందట మా విత్తన కంపెనీ తరఫున నాలుగు చోట్ల ట్రయల్ వేశాను. మూడు చోట్ల కాలువ నీళ్లు, నిండు పంట. నాలుగోది చిత్రదుర్గ వైపు వానాధారపు చేను. సరిగ్గా పూత రోజుల్లో వాన ఎగ్గొట్టింది. ఒక ప్లాటుకూ ఇంకో ప్లాటుకూ పొంతన లేదు, ఆ చెదురును సగటులో శాతంగా చూపే సీవీ మరీ ఎక్కువ వచ్చింది. 'చెడిన ట్రయల్' అని నా చేత్తోనే కొట్టేశాను. మిగతా మూడింటి సగటులో ఒక హైబ్రిడ్ మొదట నిలిచింది. దాన్నే అందరికీ చెప్పాను.

మరుసటేడు ఒక మెట్ట రైతు కండె తెచ్చి నా ముందే పొట్టు ఒలిచాడు. అడుగున కాసిని గింజలు, పైనంతా బోడి. "మీరే చెప్పారు కద సార్" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు.

కొట్టేసిన కాగితాలు అప్పుడు తీశాను. ఆ రకంలో జల్లు, అంటే మొక్క తలన మగపూత, వచ్చిన వారానికి గానీ కండె మీద పీచు రాలేదు. అప్పటికి పుప్పొడి అయిపోయింది. అన్నీ నా రాతలోనే ఉన్నాయి తల్లీ.

ఎబర్‌హార్ట్, రస్సెల్ 1966లో నిలకడ కొలవడానికి చెప్పిన లెక్క నీకు తెలుసు: ఒక్కో చోటి సగటు పంట ఎదుట రకం పంటను పెట్టి గీత గీస్తే, సగటు ఎక్కువ, ఆ గీత వాలు ఒకటి దగ్గర, గీత నుంచి చెదురు సున్నా దగ్గర ఉన్నదే నిలకడైన రకం. మంచి చేలనే ఏరిపెట్టుకుంటే ఆ వాలు ఎలా తేలుతుంది? పైగా మూడు చోట్లతో గీత గీస్తావా? అదేం తొందర? రెండేళ్లు వెయ్యి, విత్తే తేదీలు మార్చి వెయ్యి. వాలు తక్కువని మురిసిపోకు, అన్నిచోట్లా తక్కువే పండే రకానికీ వాలు తక్కువే ఉంటుంది.

పీచు తేదీలు కూలీలకు వదలకు, పొద్దున్నే నువ్వే రాయి. గమ్‌బూట్లు లేకుండా చేలో దిగకు, అక్కడ పాములెక్కువ. హిరియూరులో పూత మొదలయ్యే వారం నాకు చెప్పు. నేనూ వస్తాను, చెరో వరుస చూద్దాం. మీ పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది.

మీ పెదనాన్న
యలహంక, బెంగళూరు