చెల్లెలికి రిస్పెరిడోన్ (మానసిక జబ్బుకు ఇచ్చే మందు) మొదలుపెట్టాక ఒక్కచోట కూర్చోలేకపోతోంది. మందు పడలేదా? ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపేయకండి. అలాగని వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి కూడా. మందు రాసిన డాక్టరుకి ఇవాళే ఫోన్ చేయండి. నేను డాక్టర్ని కాను. మా అన్నయ్యకు స్కిజోఫ్రెనియా, చాలా ఏళ్లుగా అతని మందులు నేనే చూసుకుంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

కూర్చుంటే లేస్తోంది, రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరుగుతోంది, జబ్బు ముదిరిందేమోనని ఇంట్లో భయపడుతున్నారని రాశారు. హాలోపెరిడోల్ అనే ఇలాంటి మందే వాడినప్పుడు అన్నయ్య అచ్చం ఇలాగే ఉండేవాడు. దీన్ని అకథీసియా అంటారు. లోపల్నుంచి ఏదో తరుముతున్నట్టు ఉండి కాళ్లు ఊరుకోవు. చూసేవాళ్లకు మాత్రం అది పిచ్చి ఆందోళనలాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. జబ్బు పెరిగిందనుకుని డోసు పెంచితే ఇది ఇంకా ఎక్కువవుతుంది. అన్నయ్యకు జరిగింది అదే. తర్వాత చూసిన డాక్టరమ్మ ఒకే ప్రశ్న వేసింది: "భయమేసి తిరుగుతున్నావా, కాళ్లు ఆగనివ్వక తిరుగుతున్నావా?" వాడు తడుముకోకుండా "కాళ్లు" అన్నాడు. డోసు తగ్గించి, ప్రొప్రనొలోల్ అనే మాత్ర కలిపారు. కొద్ది రోజుల్లోనే కంటినిండా నిద్రపోయాడు. మీ చెల్లెలికి ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, అప్పుడు ప్రొప్రనొలోల్ వాడకూడదు. ఇంకొకటి, ఈ బాధ భరించలేక చచ్చిపోవాలనిపించే వాళ్లున్నారు. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన కొత్తగా పుట్టుకురాదు. వస్తోందంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెడ ఒకవైపు లాగుతోందని కూడా రాశారు కదా, అది డిస్టోనియా, అంటే కండరాలు వాటంతట అవే బిగుసుకుని మెలితిరగడం, అయ్యుండొచ్చు. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, డోసు పెంచినప్పుడు వస్తుంది. కళ్లు పైకి వెళ్లి అక్కడే నిలిచిపోవడం, నాలుక మెలితిరగడం కూడా ఇందులోవే. చూసి ఫిట్స్ అనుకుంటారు, కానీ మనిషికి స్పృహ ఉంటుంది. ప్రొమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా తొందరగానే సర్దుకుంటుంది. గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోతే మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

అరుదుగా వచ్చేదే అయినా ప్రాణం మీదికి తెచ్చేది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్. జ్వరం, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోవడం, విపరీతంగా చెమటలు, మాట తికమక. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. వైరల్ జ్వరంలే అని పారాసిటమాల్ వేసి పడుకోబెట్టేస్తారని నా భయం. జ్వరంతోపాటు ఒళ్లు బిగుసుకుంటే మందు స్ట్రిప్పులు పట్టుకుని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, ఏ మందు వాడుతోందో మొదటి మాటగా చెప్పండి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూడటానికి సీపీకే అనే రక్తపరీక్ష చేస్తారు.

నెలలు, ఏళ్లు వాడాక వచ్చేది టార్డివ్ డిస్కినీసియా. ఏమీ నమలకుండానే దవడ ఆడుతుంటుంది, పెదాలు చప్పరిస్తుంటారు. చాలాసార్లు వాళ్లకే తెలియదు, పక్కనున్న మనమే కనిపెట్టాలి. కొందరికి మందు ఆపినా పోదు. దీనికి వాల్బెనజిన్, డ్యూటెట్రాబెనజిన్ అనే మందులకు 2017లో అమెరికా అనుమతి వచ్చింది. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీన్ని ఇంకా పెంచొచ్చు. ఆ మాత్ర ప్రిస్క్రిప్షన్‌లో ఏళ్ల తరబడి అలా సాగిపోతుంటే ఇంకా అవసరమా అని అడగడంలో తప్పులేదు.

బరువు, షుగర్ సంగతి డాక్టర్లే చెబుతారు. రిస్పెరిడోన్‌తో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి నెలసరి ఆగిపోవచ్చు, రొమ్ముల్లో పాలు రావచ్చు. మొహమాటంతో మీ చెల్లెలు చెప్పకపోవచ్చు, ఇంట్లో ఆడవాళ్లెవరైనా అడిగితే మంచిది.

అన్నయ్య ఇప్పుడు క్లోజపిన్ మీద ఉన్నాడు. 1975లో ఫిన్లాండ్‌లో తెల్ల రక్తకణాలు పడిపోయి కొందరు చనిపోవడంతో చాలా దేశాలు పక్కనపెట్టిన మందు అది. వేరే మందులు పనిచేయని వాళ్లకు ఇది పనిచేస్తుందని 1988లో ఒక పెద్ద అధ్యయనం చూపించాక, రక్తపరీక్షల షరతుతో మళ్లీ వాడకంలోకి వచ్చింది. అందుకే వాడికి గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయిస్తాను. మలబద్ధకం గురించి మాకు ఎవరూ హెచ్చరించలేదు. ఈ మందుతో పేగు కదలికే ఆగిపోయి ప్రాణాపాయం కావచ్చు. సిగరెట్లు మానేస్తే రక్తంలో మందు మోతాదు పెరుగుతుందని కూడా ఆలస్యంగానే తెలిసింది. మానేయమనే చెప్పాం, కాకపోతే డాక్టరుకి చెప్పి మానిపించాం.

ఇంత చదివి భయపడి మాత్రలు దాచేయకండి. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. డోసు తగ్గించడం, మందు మార్చడం లాంటి దారులున్నాయి.

ఫోన్ చేసేముందు మందు ఏ తేదీన మొదలైంది, ఎంత డోసు, నడక ఎప్పట్నుంచి, మెడ లాగడం ఎప్పట్నుంచి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఆమెకు చెప్పి, ఒప్పుకుంటే ఆ నడకను ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరు ముందు కాసేపు బలవంతాన బిగబట్టుకుని కూర్చుంటే వాళ్లకు ఏమీ కనిపించదు. డాక్టరు దొరక్కపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి.