ఇద్దరికీ ఒకటే మాయ: రెండు వారాలకోసారి స్కాన్ అవసరమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు కవలలు. 13వ వారం ఎన్‌టీ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం) స్కాన్ రిపోర్ట్‌లో ‘మోనోకోరియానిక్ డైఆమ్నియాటిక్, టీ సైన్’ అని రాశారు. ఒక బిడ్డ ఎన్‌టీ 1.5 మిల్లీమీటర్లు, ఇంకో బిడ్డది 2.1. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్‌కి రమ్మన్నారు. మా తోడికోడలికీ కవలలే, ఆమెకు నెలకోసారే తీశారు. నాకు నిజంగా అన్ని కావాలా? ఎన్‌టీ ఎక్కువున్న బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: కావాలమ్మా, ఒక్కటి కూడా మానొద్దు. మీ తోడికోడలి పిల్లలకు బహుశా చెరో మాయ ఉండి ఉంటుంది. మీ పిల్లలిద్దరికీ మాయ ఒకటే, ఉమ్మనీటి సంచులు వేరు, రిపోర్ట్‌లోని ఆ పొడుగాటి మాటకు అర్థం అదే. సంచుల మధ్య పల్చటి పొర మాయకు నిటారుగా తగిలితే టీ అక్షరంలా కనిపిస్తుంది. చెరో మాయ ఉంటే అక్కడ మందంగా, త్రికోణంలా ఉంటుంది. 14 వారాలు దాటాక ఈ తేడా పట్టుకోవడం కష్టం, కాబట్టి ఈ రిపోర్ట్ పారేయకుండా ప్రతిసారీ పట్టుకెళ్లండి.

మాయ ఒకటే అయినప్పుడు ఇద్దరి రక్తనాళాలూ అందులో కలుస్తాయి. నూటికి 10-15 మందిలో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా వెళ్లిపోతుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి, ఉమ్మనీరు 2 సెంటీమీటర్ల లోతుకు పడిపోతుంది, ఒక్కోసారి మూత్రాశయం స్కాన్‌లో కనిపించనే కనిపించదు. తీసుకునే బిడ్డ చుట్టూ నీరు 8 సెంటీమీటర్లు దాటుతుంది. ఇది కొద్ది రోజుల్లోనే ముదరొచ్చు, అందుకే నెల ఆగకూడదు. సమయానికి దొరికితే, సాధారణంగా 16-26 వారాల మధ్య, ఆ కలిసిన నాళాలను లేజర్‌తో మూసేసే వైద్యం ఉంది. నీటిలో తేడా రాకుండానే ఒక బిడ్డకు రక్తహీనత వచ్చే రకం ఇంకోటుంది, దాన్ని పట్టాలంటే బిడ్డల మెదడు రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయాలి, 20వ వారం నుంచి అది కూడా చేస్తున్నారో లేదో మొహమాటపడకుండా అడగండి.

ఇక డౌన్ సిండ్రోమ్ సంగతి. ఒకే మాయ పంచుకునే కవలలు ఒకే అండం నుంచి వస్తారు, కాబట్టి (చాలా అరుదైన కేసులు వదిలేస్తే) ఉంటే ఇద్దరికీ ఉంటుంది, లేకపోతే ఇద్దరికీ ఉండదు. ఒక్కరికే ఉందేమో అన్న భయం పక్కన పెట్టండి. రిస్క్ కూడా ఇద్దరి ఎన్‌టీ సగటుతోనే లెక్కిస్తారు. మీది 1.8, భయపడే అంకె కాదు, 3.5 దాటితే వేరే మాట. ఇంకా అనుమానం తీరకపోతే తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ కవలల్లో కూడా డౌన్‌కి బాగానే పనిచేస్తుంది, అందులో తేడా వస్తే మాత్రం ఉమ్మనీటి పరీక్షతోనే నిర్ధారించాలి.

నన్నడిగితే మీ రిపోర్ట్‌లో చూడాల్సింది ఆ ఇద్దరి ఎన్‌టీల మధ్య తేడా. అది పెద్ద అంకెలో 20 శాతం దాటితే రక్తం పంపకంలో ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది, మీకు 28 దాకా ఉంది. అంటే వచ్చేస్తుందని కాదు, ఆ స్కాన్లు మీకు మరీ ముఖ్యమని. మధ్యలో పొట్ట ఉన్నట్టుండి పెరిగినా, బిగుసుకుపోయినట్టు ఉన్నా, ఆయాసం వచ్చినా తేదీ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లండి.