తడిగా కనిపించే రోడ్డును నమ్మకు

చిన్నీ,

ఈ చలికాలం కూడా బస్ పాస్ తీసుకోకుండా సైకిల్ మీదే యూనివర్సిటీకి వెళ్తానన్నావని నిన్న అక్క ఫోన్‌లో చెప్పింది. వినగానే గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. "నువ్వు చెబితే వింటుంది, వద్దని చెప్పవే" అని అడిగింది మీ అమ్మ. చెప్పలేనన్నాను. పరాయి దేశంలో 11 చలికాలాలు సైకిల్ తొక్కినదాన్ని, నీకు వద్దని ఏ నోటితో చెప్పను?

బట్టల సంగతి నీకు తెలిసే ఉంటుంది. గుమ్మం దాటగానే కాస్త చలి వెయ్యాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే 10 నిమిషాల్లో చెమట పడుతుంది, చెమటకు తడిసిన కాటన్ చొక్కా ఆగిన చోటల్లా వణికిస్తుంది. లోపల ఉన్ని, పైన గాలి దూరని జాకెట్ చాలు. చేతుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. గాలి లేని రోజున కూడా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ గాలిని నువ్వే పుట్టించుకుంటావు. మైనస్ 5 ఉన్న రోజు ముఖానికీ చేతులకీ దాదాపు మైనస్ 12లా తగులుతుంది. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే గ్లవ్స్ ఎక్కువ వెచ్చగా ఉంటాయి. వాటితో బ్రేక్ నొక్కడం వస్తోందో లేదో ఇంట్లోనే చూసుకో. మఫ్లర్ కొసలు జాకెట్ లోపలికి దోపుకో, వేలాడనివ్వకు.

సైకిల్ లైట్లు గదిలోకి తెచ్చుకో, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. మంచు కరగాలని రోడ్ల మీద చల్లే ఉప్పు చైన్‌ను తినేస్తుంది, వారానికోసారి తుడిచి ఆయిల్ వెయ్యి. తాళం గడ్డకడితే వేడినీళ్లు పొయ్యకు, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి.

మీ అమ్మ భయం తగ్గాలంటే ఔలు గురించి చెప్పు. ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఊరు. అక్కడ మంచులో పిల్లలు కూడా సైకిళ్ల మీద బడికి పోతారు. చలికాలపు సైకిల్ ప్రయాణాల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో అక్కడే జరిగింది. అక్కడివాళ్లకు చలి తక్కువని కాదు, సైకిల్ దారుల మీద మంచు ఎప్పటికప్పుడు తీసేస్తారు కాబట్టి కుదురుతోంది. నువ్వుండే ఊళ్లో ఏ దారిని ముందు శుభ్రం చేస్తారో కనుక్కో. రెండు కిలోమీటర్లు చుట్టయినా ఆ దారినే వెళ్లు.

ఇక అసలు విషయం. మీ అమ్మకు కూడా ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

అది నా రెండో చలికాలం. ముందు రోజు సాయంత్రం వాన పడి, రాత్రికి ఆకాశం తేటపడింది. పొద్దున ఫోన్‌లో చూస్తే 2 డిగ్రీలు. సున్నాకు పైనే కదా, ఐస్ ఉండదులే అనుకున్నాను. అదే నా తప్పు. నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, గాలికన్నా రోడ్డు ఎక్కువ చల్లబడుతుంది. వంతెన అయితే మరీను. కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి మిగతా రోడ్డుకన్నా ముందే గడ్డకడుతుంది. నాకు అప్పటికి ఇవేవీ తెలియవు. ఆలస్యమైందని జోరుగా వంతెన ఎక్కాను. రోడ్డు నల్లగా, తడిగా మెరుస్తోంది. ముందు ఒకాయన నడుస్తూ పక్కకు జరిగితే ముందు చక్రం బ్రేక్ నొక్కాను. అంతే, సైకిల్ నా కింద లేదు. అరచేయి నేలకు ఆనించి పడ్డాను.

ఆ పెద్దాయన లేపి, ఆసుపత్రికి వెళ్లమని రెండుసార్లు చెప్పాడు. సిగ్గేసింది. ఏం కాలేదని చెప్పి పనికి వెళ్లిపోయాను. నొప్పి కూడా పెద్దగా లేదు, బెణికిందనుకున్నాను. ఆదివారం వీడియో కాల్‌లో చేతిని శాలువా కింద పెట్టుకుని అమ్మతో నవ్వుతూ మాట్లాడాను. మూడు వారాల తర్వాత సీసా మూత తిప్పలేకపోయినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తే మణికట్టులో బొటనవేలి వైపున్న చిన్న ఎముక విరిగిందన్నారు. దానికి రక్తం తక్కువగా అందుతుందట, అందుకే మెల్లగా అతుక్కుంటుంది, ఆలస్యం చేస్తే అసలు అతుక్కోకపోవచ్చు. నాకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేను.

కాబట్టి రోడ్డు తడిగా మెరుస్తూ, చక్రాల నుంచి నీళ్లు చిందకపోతే అది నీరు కాదని తెలుసుకో. అలాంటి చోట బ్రేక్ నొక్కకు, హ్యాండిల్ తిప్పకు, తొక్కడం ఆపి తిన్నగా పోనివ్వు. వంతెన కనిపిస్తే దిగి నడువు. ఎవరు చూస్తే ఏం? చిన్న మేకులున్న టైర్లు కొనుక్కో. రెండూ కొనలేకపోతే ముందు చక్రానికైనా వేయించు. కొత్తవి వేశాక మొదటి 50 కిలోమీటర్లు గట్టిగా బ్రేక్ వెయ్యకుండా తొక్కితే మేకులు కుదురుకుంటాయి. డబ్బు నేను పంపుతాను, మొహమాటపడకు.

నీకు సైకిల్ నేర్పింది నేనే. సీటు పట్టుకుని వెనక పరుగెత్తుతూ, నీకు తెలియకుండా వదిలేశాను. పడ్డావు. నేను తిడతానని గౌను కిందికి లాగి మోకాలి దెబ్బ దాచుకున్నావు. రాత్రి స్నానం చేయిస్తుంటే చూశాను, నా ప్రాణం పోయినంత పనైంది. ఆ దాచే బుద్ధి నా దగ్గర్నుంచే వచ్చిందేమో తల్లీ. పడితే ఆ రోజే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, తిట్టను. చేతిమీద పడితే మాత్రం నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకో. బొటనవేలి కింద గుంటలో నొక్కితే నొప్పి పుడితే అసలు ఆగకు. మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, మళ్లీ తీయమని అడుగు.

టైర్లు బిగించాక ఫోటో పెట్టు. దానికన్నా ముందు, నువ్వు వెళ్లే దారిలో వంతెన ఉందో లేదో రాయి.

మీ పిన్ని