ఎస్టిమేట్ రాసిమ్మంటే కాంట్రాక్టర్ నొచ్చుకుంటాడా?

బాత్రూమ్ బాగుచేయించాలి, కాంట్రాక్టర్ తెలిసినవాడే, ఎస్టిమేట్ రాసిమ్మంటే ఏమనుకుంటాడో అని అడిగారు. అదే మొహమాటంతో నేనొకసారి మునిగాను. కాబట్టి అడగండి.

అప్పుడు మా మేస్త్రీ బాత్రూమ్ ఓసారి కలియజూసి, ఒక అంకె చెప్పి, "మిగతాదంతా నేను చూసుకుంటాగా సార్" అన్నాడు. మూడో రోజుకి పగిలిన టైల్స్, సిమెంటు పెళ్లలు గేటు పక్కన గుట్టపడ్డాయి. ఎప్పుడు తీయిస్తారంటే "అది మన లెక్కలో లేదు కదండీ" అన్నాడు. గోడలో పాత పైపు మార్చడమూ లెక్కలో లేదట, వాటర్‌ప్రూఫింగూ లేదట. మోసం చేశాడని అనలేను. ఆయన మనసులో ఉన్న పని వేరు, నా మనసులో ఉన్నది వేరు.

రెండోసారి వంటగదికీ, ఇంకో బాత్రూమ్‌కీ కలిపి చేయాల్సిన పనుల జాబితా నేనే రాసి, ముగ్గురు కాంట్రాక్టర్లకీ అదే ఇచ్చాను. ఒకాయన "రిపేరు, మెటీరియల్‌తో సహా" అని ఒక్క ముక్క రాసి కింద మొత్తం వేశాడు. అదీ కాగితమే, కానీ దేనికి పనికొస్తుంది? ఇంకొకాయన టైల్స్ ఎన్ని చదరపు అడుగులు, కోతలో పోయేదానికి 10 శాతం అదనం, పైపు ఏ రకం, పుట్టీ ఎన్ని పూతలు, కరెంటు పాయింట్లు ఎన్ని, అన్నీ విడివిడిగా రాశాడు. అందరికంటే తక్కువ చెప్పినాయన కాగితంలో అసలు వాటర్‌ప్రూఫింగ్ అనే మాటే లేదు. అది కలిపి చూస్తే ఆయనదే ఎక్కువ!

అందుకే "ఇందులో లేనివేంటి?" అని తప్పకుండా అడగండి. నేనడిగితే ఆ విడివిడిగా రాసినాయన తల గోక్కుని, కాగితం తిప్పి వెనక నాలుగు లైన్లు రాశాడు. చెత్త ఎత్తడం, తలుపు ఫ్రేమ్, గోడలోపలి పైపు, గీజర్ బిగింపు. నాకు అసలు ఎస్టిమేట్ కంటే ఆ నాలుగు లైన్లే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

గోడ పగలగొడితే గానీ లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అలాంటి వాటికి అడుగుకి ఇంత అని రేటు రాయించుకుని, ముందు చెప్పాకే చేయాలని మాట తీసుకోండి. మధ్యలో మనం మార్పులు అడిగినా అంతే, ఎంత పెరుగుతుందో ఆ రోజే మెసేజ్ పెట్టించుకోవాలి. ఇంకోటి, ఎస్టిమేట్ అంటే అంచనా, పెరగొచ్చు. ఆ ధరకే చేస్తారా, తేడా వస్తుందా అన్నది కూడా రాయించండి.

డబ్బు పని నడిచేకొద్దీ ఇవ్వండి. ఆఖరి వాయిదా మాత్రం బాత్రూమ్ డ్రెయిన్ మూసి, 24 గంటలు నీళ్లు నిలిపి, కింది సీలింగ్‌లో చెమ్మ లేదని చూశాకే.

అడగడానికి నోరు రాకపోతే నాలాగే "ఇంట్లో చూపించాలండీ, కాస్త రాసివ్వండి" అనండి. ముగ్గురిలో ఎవరూ నొచ్చుకోలేదు. వీళ్లకంటే ముందు అడిగిన ఒకాయన మాత్రం ఇవాళ, రేపు అంటూ రెండు వారాలు తిప్పాడు. ఆయన్ని నేనే వదిలేశాను.