‘సూపర్ ఫ్లై’ మీకు ఎందుకు రుచించలేదంటే

కొకైన్ అమ్మే ప్రీస్ట్ అనేవాణ్ని కథానాయకుణ్ని చేసిన 1972 నాటి అమెరికన్ సినిమా ‘సూపర్ ఫ్లై’ని ఎందుకు మెచ్చుకుంటారని అడిగారు, దాన్ని కథ కోసమే చూడటం వల్ల మీకు ఈ చిక్కు వచ్చి ఉంటుంది.

1. ముందుగా ఈ సినిమాకు పాటలు కట్టిన కర్టిస్ మేఫీల్డ్ ఆల్బమ్‌ను విడిగా వినండి. చాలామంది వదిలేసేది ఇదే. అందులోని ‘ఫ్రెడ్డీస్ డెడ్’ పాట సినిమాలో వాద్యసంగీతంగానే వినిపిస్తుంది. మత్తు వ్యాపారంలో నలిగి చనిపోయిన ఫ్రెడ్డీని తలచుకుని బాధపడే మాటలన్నీ ఆల్బమ్‌లోనే ఉన్నాయి.

2. ఆ తరువాత, కొకైన్ చేతులు మారే తీరును నిశ్చల ఛాయాచిత్రాలతో చూపిన ఘట్టాన్ని మళ్ళీ చూడండి. అక్కడ కెమెరా సరుకుకు మెరుగులు దిద్దుతున్నదనే నా అభిప్రాయం. నల్లజాతి సంఘాలు ఆనాడే ఈ చిత్రాన్ని నిరసించాయి.

3. అవినీతిపరుడైన పోలీసు అధికారిని ప్రీస్ట్ ఎదిరించే ముగింపులోనే అసలు ఆకర్షణ ఉన్నది. స్త్రీ పాత్రల బలహీనత మాత్రం నిజమైన లోపమే.