పెరటి ప్రశ్నలు: ట్యాంకర్ నీళ్లతో తోట

ప్రశ్న: మా ఇంటి వెనక రెండు సెంట్ల ఎర్ర గరుసు నేల ఉంది. ఎండాకాలం బోరు ఆగిపోతే ట్యాంకరే గతి. నీళ్లు అక్కర్లేదంటే పోయినేడు సీతాఫలం, ఉసిరి నాటాము. రెండూ మే నెలలో ఎండిపోయాయి. ఇంకేం వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మొక్కల ఎంపికలో తప్పు లేదు. సీతాఫలమైనా ఉసిరైనా ఎండకు తట్టుకునేది వేరు లోతుకు దిగాకే. నర్సరీ కవర్లోంచి తీసిన మొక్కకు వేరు జానెడు కూడా ఉండదు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయాల్సిందే.

మళ్లీ అవే నాటండి. రేగు, మునగ, కరివేపాకు కూడా మీ నేలకు సరిపోతాయి. రెండు సెంట్లలో నాలుగైదు చెట్లకు మించొద్దు. పూలకు కాగితం పూలు, బిళ్ళగన్నేరు చాలు. మామూలు గన్నేరు ఇంకా మొండిది, కానీ ఆకు, కొమ్మ, పువ్వు అంతా విషమే. చిన్నపిల్లలో మేకలో తిరిగే పెరట్లో వద్దు. లాన్ మాట తలపెట్టకండి.

గుంత పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు ఉండాలి. మే నెలలోనే తవ్వి ఎండనివ్వండి. పైమట్టిలో రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపండి. జూన్, జులైలో మంచి పదును వాన పడ్డాక నాటితే, ఆ తరువాత సెప్టెంబరు, అక్టోబరు వానలు కూడా కలిసొస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో ఆ రెండు నెలలే ముఖ్యం.

రోజూ చెంబెడు పోస్తే పై రెండంగుళాలే తడిసి, వేరు అక్కడే తిరుగుతుంది. ఒక్క పూట ట్యాంకర్ రాకపోతే మొక్క వాలిపోయేది అందుకే. వారానికోసారి 15 లీటర్లు నిదానంగా పాదులో ఇంకనివ్వండి. గరుసు నేల తడిని నిలుపుకోదు కాబట్టి ఏప్రిల్, మేలో నాలుగు రోజులకోసారి పోయాలి. మరునాడు పాదు అంచున చిన్న గుంత తీస్తే అడుగు లోతున తడి కనపడాలి. పాదులో మూడంగుళాల మందాన శనక్కాయల పొట్టు పరవండి, మీ జిల్లాలో దానికి కరువు లేదు. మొదలుకు ఆరంగుళాల దూరం వదలకపోతే కాండం కుళ్లుతుంది, చెదలూ ఎక్కుతాయి.

ప్రశ్న: డాబా మీద కుండీలో కాగితం పూల మొక్కకు రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులే తప్ప పూలు లేవు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రోజూ పోయడమే కారణం. ఆకు కాస్త వడలే దాకా ఆగి, అప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా పోయండి. యూరియా వేస్తుంటే మానేయండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

ప్రశ్న: నీళ్లు వృథా ఎందుకని ఆర్వో మిషన్ వదిలే నీళ్లు నూరువరహాలకు పోస్తున్నాము. ఆకు పసుపు తిరిగింది, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారం ఎక్కువైన నీళ్ల వల్ల మొక్కకు అందదు. ఆర్వో వదిలే నీళ్లలో బోరు నీళ్లకన్నా ఉప్పు ఎక్కువ, వాటితో ఇల్లు కడుక్కోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి పట్టి పోయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి, వారం తర్వాత మరోసారి. ముదురాకు కోలుకోకపోవచ్చు, కొత్త చిగురు పచ్చగా వస్తే మందు పనిచేసినట్టే. నూరువరహాలు అసలు పులుపు నేల మొక్క. బోరు నీళ్లే దిక్కయిన ఇంట్లో ఏటా ఈ తంటా తప్పదు, ఆ చోట కాగితం పూలు పెట్టుకోవడం మేలు.