నొప్పి లేదు కదా అని ఊరుకోకు

చి. బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

ఫోనులో రొమ్ము క్యాన్సర్ గురించి నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. ఇక్కడ మీ మామయ్య టీవీ మోత, అక్కడ నీ పిల్లల గోల. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక మీ అమ్మకు కూడా వినిపించు.

ముందు నువ్వు పంపిన ఆ హెల్త్ చెకప్ ప్యాకేజీ సంగతి. అందులో రొమ్ము క్యాన్సర్ పేరుతో పెట్టింది సీఏ 15-3 అనే రక్తపరీక్ష. జబ్బు ముదిరినవారిలో మందులు ఎలా పనిచేస్తున్నాయో చూసుకోవడానికి డాక్టర్లు వాడే పరీక్ష అది. తొలిదశలో ఉన్న చాలామందిలో ఆ అంకె మామూలుగానే ఉంటుంది. అది బాగుందని నిశ్చింతగా కూర్చుంటే మోసపోతాం. ఒంటి వేడిని కెమెరాలో చూసి చెప్పేస్తామనేవారూ ఉన్నారు. మామోగ్రామ్, అంటే రొమ్ములకు తీసే ఎక్స్‌రే, చేసే పని అది చేయలేదు. ఆ డబ్బు దాచుకో.

"మన ఇళ్లలో ఎవరికీ లేదు కదా అత్తయ్యా" అన్నావు. ఉంది. మీ తాతయ్య చెల్లెలు, అంటే మా మేనత్త, 45 ఏళ్లు నిండకుండానే దీనితో పోయింది. పెద్దవాళ్లు రాచపుండు అని గొంతు తగ్గించి అనేవారు, పిల్లలం దగ్గరికి వెళ్తే మాట మార్చేసేవారు. అంత దూరపు బంధువు ఒక్కరికి వచ్చినంత మాత్రాన నీకు ముప్పు పెద్దగా పెరగదులే. కానీ డాక్టరు అడిగినప్పుడు వయసుతో సహా చెప్పు. అమ్మ వైపే కాదు, నాన్న వైపు కూడా లెక్కలోకి వస్తుంది. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం తండ్రి నుంచీ రావచ్చు. దగ్గరి బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులోనే వచ్చినా, ఎవరికైనా అండాశయ క్యాన్సర్ ఉన్నా, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినా జన్యుపరీక్ష గురించి అడగాలి. అలా వంశంలో దిగేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. మిగతావారిలో చాలామంది మా ఇంట్లో ఎవరికీ లేదు అనే చెబుతారు.

నా ఉద్యోగమంతా సర్జికల్ వార్డులో, ఓపీలో గడిచింది కదా. అక్కడ నేను ఎక్కువగా విన్న మాట "నొప్పి లేదమ్మా, అందుకే రాలేదు" అని. ఒకావిడకు సంక్రాంతి ముందు స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలిందట. కూతురికి సంబంధం కుదిరి ఉంది. ఇప్పుడీ మాట ఎత్తితే వియ్యంకులు ఏమనుకుంటారోనని ఊరుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. జాకెట్టు విప్పితే లోపల పసుపు అద్దిన పాత చీర పేలిక, దాని కింద పుండు. చాలామంది ఆమెను మందలించారు. నాకు నోరు రాలేదు. నీకు ఒంట్లో ఎలా ఉందని ఆ ఇంట్లో ఆమెను అడిగినవారెవరు?

క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. నెలసరి ముందు రెండు వైపులా బరువెక్కి సలిపేది సాధారణంగా హార్మోన్ల వల్ల. నొప్పి ఉన్నా లేకున్నా, కొత్తగా తగిలిన గడ్డ తర్వాతి నెలసరి అయ్యాక కూడా పోలేదంటే డాక్టరు చెయ్యి దాని మీద పడాల్సిందే. నెలసరి ఆగినవారైతే అసలు ఎదురుచూడకూడదు. గడ్డ ఒక్కటే కాదు. చర్మం ఒకచోట సొట్టపడటం, బత్తాయి తొక్కలా గుంటలు తేలడం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, నొక్కకుండానే నెత్తురు చార కనిపించడం, చంకలో గడ్డ. ఇవన్నీ చూపించుకోవలసినవే. చనుమొన మీద మానని పొక్కుకు ఆయింట్‌మెంట్లు మారుస్తూ నెలలు గడిపేవారు ఉంటారు, అదీ తప్పే.

నెలసరి తగ్గిన నాలుగైదు రోజులకు రొమ్ములు మెత్తగా ఉంటాయి, అప్పుడు చూసుకో. ముందు అద్దంలో చేతులు పైకెత్తి చూడు, తర్వాత నడుం మీద చేతులు అదిమిపెట్టి చూడు. పడుకుని భుజం కింద తువ్వాలు మడతపెట్టి, మూడు వేళ్లను ఆనించి, వేళ్ల కొసలతో కాదు, మెత్తటి భాగంతో తడుము. ఒకేచోట మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా అదమాలి. కంటి కింద కాటుక పెట్టుకున్నంత సుతారంగా చేస్తే లోపలిది తెలియదు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక దగ్గర మొదలుపెట్టి రొమ్ము కింది మడత దాకా, ఆ తర్వాత చంక.

అయితే దీన్ని వ్రతంలా చేసి భయపడకు. షాంఘైలో జౌళి మిల్లుల్లో పనిచేసే 2,66,000 మందికి పైగా స్త్రీలతో చేసిన పెద్ద అధ్యయనంలో, స్వయంపరీక్ష నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. పైగా, అవసరం లేని ముక్క పరీక్షలు (బయాప్సీలు) పెరిగాయి. మన ఒళ్లు మనకు తెలిసి ఉండటానికి అది పనికొస్తుంది, అంతే. శిక్షణ పొందిన చెయ్యి వేరు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లు నడిపిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన స్త్రీలలో జబ్బు ముందుగా దొరికింది. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. డాక్టర్లు కూడా కాదు, నేర్చుకున్న మామూలు ఆడవాళ్లు చేసిన పని! ఈ మాట మీ ఇంట్లో పనిచేసే ఆమెకు కూడా చెప్పు. 30 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేయాలని నియమం ఉంది. వెళ్లి అడగాలి, అడగకపోతే జరగదు.

నీకు 42 నిండాయి. 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీయించుకోవాలని 2024లో అమెరికా నిపుణుల బృందం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యంగా 50 నుంచి 69 మధ్యవారికి చెబుతుంది. నీకు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకో, నా ఓటు ఇప్పుడే. చీర గానీ సల్వార్ గానీ కట్టుకుని వెళ్లు, నైటీలా ఒకే బట్ట వద్దు. చంకల్లో పౌడరు, డియోడరెంటు రాయకు, అవి ఫిల్ములో చుక్కల్లా కనిపించి తికమక పెడతాయి. రెండు పలకల మధ్య అదిమి పట్టినప్పుడు కొన్ని క్షణాలు నొప్పిగా ఉంటుంది, ఓర్చుకో. నీ వయసులో చాలామందికి రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, అలా ఉంటే పక్కన అల్ట్రాసౌండ్ కూడా అడగవచ్చు. మగ డాక్టరైతే గదిలో నర్సు ఉండాలని అడుగు, అది నీ హక్కు.

సూది గుచ్చితే, ముక్క తీస్తే పాకిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఆ భయంతోనే ఎందరో నాటుమందులు వేయించుకుని వచ్చేవారు. ముక్క పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో కూడా తేలదు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే కావు. ఒకవేళ క్యాన్సరే అయినా, తొలిదశలో దొరికితే చాలామందికి గడ్డ వరకే తీస్తారు, రొమ్మంతా తీయరు.

ఇక రాకుండా చూసుకోవడం. పూర్తిగా ఆపే ఉపాయం లేదు, ఉందని అమ్మేవాడి దగ్గరికి వెళ్లకు. నెలసరి ఆగాక పెరిగే బరువు, కదలకుండా కూర్చోవడం, మద్యం ముప్పు పెంచుతాయి. నెలసరి ఆగాక వాడే హార్మోన్ మాత్రలు కూడా, ముఖ్యంగా ఏళ్ల తరబడి వాడితే. బిడ్డకు పాలివ్వడం కొంత కాపాడుతుంది. బ్రాల వల్ల, జాకెట్టులో ఫోను పెట్టుకోవడం వల్ల వస్తుందనేవి ఉత్త మాటలు.

మీ అమ్మ నాకీ వయసులో ఎందుకంటుంది. వయసుతో పాటే ముప్పు పెరుగుతుందని చెప్పు, నీతో పాటే తీసుకెళ్లు. నా వదినకు నా మాట రుచించదు గానీ నీ మాట వింటుంది.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అంటే ఇబ్బంది లేదు. 3 అయితే ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4, 5 అయితే ముక్క పరీక్ష. 0 చూసి కంగారు పడకు, ఇంకొన్ని ఫిల్ములు కావాలని అర్థం. ఏ అంకె వచ్చినా ఇంటర్నెట్‌లో వెతకకుండా ముందు నాకు ఫోను చెయ్యి. ఫిల్ములు పారేయకు, వచ్చేసారి పోల్చి చూడటానికి అడుగుతారు.

ఉంటాను.
మీ అత్తయ్య